మల్లమ్మ కొండకి జేజి గ్లాసు

మే నెలలో మేడమీద గదిలో కూర్చుని నవల రాయడం ఎంత కష్టమో రాసేవాళ్ళకే తెలుసు. కథలో నాయిక వానలో తడుస్తూ వుంటుంది, రాసే నేను చెమటలో తడుస్తూ వుంటాను. అలాంటి ఒక మధ్యాహ్నం ఫోను మోగింది. తిరుపతి నుంచి నా స్నేహితురాలు. బి.ఏ.లో మూడేళ్ళూ నా పక్కనే కూర్చుని, నా నోట్సు చూసి చదివి, నాకంటే ఎక్కువ మార్కులు తెచ్చుకున్న మనిషి. పేరు రాస్తే వూరుకోదు గనక ఇక్కడ ‘నేస్తం’ అనే అంటాను.

“ఏమ్మే, రెండు దినాలు వంటిల్లు వదిలిపెట్టి రాగలవా? హార్సిలీ హిల్స్ పోదాం. కారు నేనే తోల్తా” అంది.

“ఊటీ అయితే వస్తాను” అన్నాను కొంచెం బెట్టుగా.

“ఊటీకి ఎవురైనా పోతారు. నాకు ఈ కొండమీదే పనుంది” అంది.

ఏం పనో ఎన్నిసార్లడిగినా చెప్పలేదు. మా వారు “వెళ్ళిరా, ఆ నవల మీద కోపం మా మీద తీర్చుకోకుండా వుంటావు” అన్నారు. ఆ విధంగా అనుమతీ, అవమానమూ ఒకేసారి పుచ్చుకుని తిరుపతి రైలెక్కాను.

మర్నాడు తెల్లవారుజామున అయిదింటికి బయల్దేరాం. ఫ్లాస్కులో కాఫీ, స్టీలు డబ్బాలో పులిహోర, అరటిపళ్ళు. ఇవి కాక పాత జరీ పంచెముక్కలో చుట్టిన చిన్న మూట ఒకటి వెనక సీట్లో పెట్టింది. దాని పక్కన నా సంచీ పెట్టబోతే “దానిమీద బరువు పెట్టొద్దు” అని కసిరింది. దేవుడి మొక్కుబడి కాబోలు అనుకుని వూరుకున్నాను.

చంద్రగిరి దాటి, భాకరాపేట కనుమ ఎక్కి దిగి, పీలేరు, వాయల్పాడు మీదుగా మదనపల్లె వెళ్తుంది రోడ్డు. ఆ దారిలో ఒక చిత్రం జరుగుతుంది. మనం కొండ ఎక్కుతున్నామని తెలియకుండానే ఎక్కేస్తూ వుంటాం. తిరుపతి సముద్రానికి అయిదారువందల అడుగుల ఎత్తున వుంటే మదనపల్లె రెండువేల పైచిలుకు. హార్సిలీ హిల్స్ నాలుగువేల పైచిలుకు. వెయ్యి అడుగులు పైకి వెళ్తే సుమారు రెండు డిగ్రీల వేడి తగ్గుతుందని చిన్నప్పుడు భూగోళంలో చదువుకున్నాం. ఆ లెక్కన తిరుపతిలో నలభై డిగ్రీల ఎండ కొండమీద ముప్ఫైమూడవుతుంది. ఈ ఏడు డిగ్రీల కోసం మనుషులు ఎన్నెన్ని పాట్లు పడ్డారో చెప్పాలంటే అదే ఒక చరిత్ర.

ఆ పాట్లు మొదట దొరలు పడ్డారు. కడప, బళ్ళారి, అనంతపురం, కర్నూలు ప్రాంతాలు నైజాము చేతిలోంచి కంపెనీ చేతికి వచ్చింది 1800లో. దత్తమండలాలని మనం చదువుకున్నది వాటినే. అప్పుడు మదనపల్లె కడప జిల్లాలోది. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడ్డాకే అటు మారింది. దత్తమండలాలకి మొదటి ప్రిన్సిపల్ కలెక్టరు థామస్ మన్రో. తర్వాత మద్రాసు గవర్నరయ్యాడు. 1827లో ఆ పాత సీమని చివరిసారి చూసిపోదామని వచ్చి, జులై నెలలో పత్తికొండలో కలరా తగిలి ఒక్కరోజులో పోయాడు. గవర్నరంతటివాడికే దిక్కులేకపోతే మామూలు దొరల సంగతేమిటి? ఎండ, జ్వరాలు, కలరా – ఈ మూడింటికీ భయపడి దొరలు కొండలు వెతుక్కున్నారు. కోయంబత్తూరు కలెక్టరు సల్లివన్ 1822లో ఊటీలో రాతి ఇల్లు కట్టుకున్నాడు. తర్వాత్తర్వాత మద్రాసు ప్రభుత్వమే ఫైళ్ళతో, గుమాస్తాలతో సహా వేసవి వస్తే ఊటీ ఎక్కేది.

ఊటీ అందనివాళ్ళు తమ జిల్లాలోనే చిన్న ఊటీ చూసుకున్నారు. అలా చూసుకున్నవాడే డబ్ల్యు.డి. హార్స్‌లీ. 1860, 70ల నాటి కడప కలెక్టరు. కడప ఎండ ఎరిగినవాళ్ళెవరూ ఆయన్ని తప్పుపట్టరు. కొండమీద ఒక ఇల్లు కట్టుకున్నాడు. కొండకి ఆయన పేరే నిలిచిపోయింది.

“అంతకు ముందు ఈ కొండకి పేరు లేదా?” అన్నాను.

“ఎందుకులేదు? ఏనుగు మల్లమ్మ కొండ” అంది నేస్తం. “పైకి పోయినాక చెప్తా. ముందు మదనపల్లెలో దిగు. నీకొకటి చూపించాల.”

మదనపల్లెలో టమాటాల లారీలని తప్పించుకుంటూ ఆవిడ నన్ను తీసుకెళ్ళింది బీసెంట్ థియసాఫికల్ కాలేజీకి. 1915లో అనిబీసెంట్ స్థాపించిన కాలేజీ అది. 1919 ఫిబ్రవరిలో రవీంద్రుడు తిరిగి తిరిగి అలిసిపోయి విశ్రాంతి కోసం ఇక్కడికి వచ్చాడు. ప్రిన్సిపాలు జేమ్స్ కజిన్స్ ఆయనకి స్నేహితుడు. ఒక సాయంత్రం పిల్లల మధ్య కూర్చుని మన ‘జనగణమన’ బెంగాలీలో పాడాడు. మరికొన్ని రోజుల్లో దాన్ని ఇంగ్లీషులోకి తనే మార్చాడు. అది జాతీయగీతం కావడానికి ఇంకా 31 ఏళ్ళుంది. ఈ సంగతి చాలామందికి తెలుసు. ఆ పాట స్వరాలని కాగితంమీద పెట్టినావిడ సంగతి మాత్రం తక్కువమందికి తెలుసు. ఆవిడ ప్రిన్సిపాలు గారి భార్య, మార్గరెట్ కజిన్స్.

భార్య అని ఒక్కమాటలో తేల్చేయడానికి వీల్లేని మనిషి. ఐర్లండులో స్త్రీల ఓటుహక్కు కోసం పోరాడి రెండుసార్లు జైలుకి వెళ్ళి మన దేశం వచ్చింది. మదనపల్లెలో వుంటూ ఇక్కడి ఆడవాళ్ళని పోగుచేసి 1916లో ఒక సంఘం పెట్టింది. దాని పేరు వింటే మీకు నవ్వొస్తుంది, ‘అబలాభివర్ధనీ సమాజం’! 1917లో మద్రాసులో భారత మహిళా సంఘం వెలిసింది. ఆ డిసెంబరులోనే సరోజినీ నాయుడు ముందు నడవగా స్త్రీలు మాంటేగు దొరగారిని కలిసి మాకూ ఓటు కావాలన్నారు. ఆ రాయబారం వెనక వున్నదీ మార్గరెట్టే. ఆస్తి వుండాలన్న షరతుతోనే అనుకోండి, 1921లో మద్రాసు రాజధానిలో స్త్రీలకి ఓటు వచ్చింది. మొత్తానికి అబలలు బాగానే అభివృద్ధి చెందారు!

“పాట అనగానే ఠాగూరు గుర్తొస్తాడు. న్యాయమే. కానీ రాసిపెట్టిన చెయ్యి ఎవురికీ గుర్తుండదు” అంది నేస్తం కారు తలుపు తీస్తూ. “మనాడోళ్ళ పనంతా అట్లాంటిదే.”

ఆవిడ గొంతు ఎందుకో అంత తేలిగ్గా లేదు.

కారు మళ్ళీ కొంతదూరం పోయి ఒక చెట్టునీడన ఆగింది. ఎదురుగా పాత గేటు, లోపల పెద్ద పెద్ద చెట్లు, వాటి మధ్య విశాలమైన వరండాలతో పెంకుటిళ్ళు. ఆరోగ్యవరం. 1915లో డెన్మార్కు నుంచి వచ్చిన ఫ్రీమాట్ మొల్లర్ అనే డాక్టరు ఆధ్వర్యంలో, మిషనరీ సంఘాలన్నీ కలిసి కట్టిన క్షయ శానిటోరియం. ఇప్పుడు అన్నిరకాల రోగులూ వచ్చే ఆస్పత్రి.

“మా జేజి ఇక్కడే వుండింది రెండేళ్ళు” అంది.

నాకు అర్థం కాలేదు. వాళ్ళ జేజిని – అంటే నాయనమ్మని – నాకు తెలుసు. కాలేజీ సెలవుల్లో వాళ్ళ ఊరు వెళ్ళినప్పుడు చూశాను. సన్నగా, పొడుగ్గా వుండేది. అందరికీ వడ్డించి, తను మాత్రం వంటింటి గుమ్మం దగ్గర విడిగా కూర్చుని తినేది. ఆవిడకో కంచు గ్లాసుండేది. అందులో ఇంకెవరూ తాగకూడదు. తనే తోముకుని, గూట్లో విడిగా బోర్లించుకునేది. మనవలని దగ్గరికి తీసుకునేది కాదు. దూరం నుంచే “బాగుండావా నాయనా” అనేది. బాగా మడిగల మనిషి కాబోలు అనుకునేదాన్ని.

“మడి కాదు మే. క్షయ” అంది నేస్తం. “అది మానిపోయి కూడా యాభై ఏళ్ళయింది. అయినా గ్లాసు మార్చలా.”

చెట్టుకింద కారులోనే కూర్చుని చెప్పింది. 1946లో వాళ్ళ జేజికి ఇరవయ్యొక్క ఏళ్ళు. చంకలో ఏడాది పిల్లాడు, అంటే నేస్తం వాళ్ళ నాన్న. దగ్గు, సాయంత్రం జ్వరం, ఒకరోజు రక్తం. ఊళ్ళో తెలిస్తే ఇంటి ఆడపిల్లలకి పెళ్ళిళ్ళు కావని, కోడలు పుట్టింటికి పోయిందని చెప్పి రాత్రిపూట బండి కట్టించి ఆరోగ్యవరం పంపారు. పిల్లాణ్ణి అత్తగారు వుంచేసుకుంది. తల్లిపాలు అంతటితో సరి.

ఆ రోజుల్లో క్షయకి మందు లేదు. క్షయక్రిమిని జర్మనీలో కాక్ 1882లోనే కనిపెట్టాడు. కానీ దాన్ని చంపే స్ట్రెప్టోమైసిన్ 1943లో గాని దొరకలేదు. అది మన పల్లెటూళ్ళ వరకూ రావడానికి మరెన్ని ఏళ్ళు పట్టిందో చెప్పక్కర్లేదు. అంతవరకూ వైద్యమంటే మంచి గాలి, మంచి తిండి, పూర్తి విశ్రాంతి. మంచాలు వరండాల్లో వేసేవారు. చలైనా వానైనా గాలి తగలాలి. పాలు, గుడ్లు బలవంతంగా పెట్టేవారు. పొద్దునా సాయంత్రం జ్వరం చూసి రాసుకునేవారు. కొందరికి పక్కటెముకల మధ్య నుంచి సూదితో గాలి ఎక్కించి, జబ్బుచేసిన ఊపిరితిత్తిని పనిచేయకుండా పడుకోబెట్టేవారు. విశ్రాంతి మనిషికే కాదు, ఊపిరికి కూడా అన్నమాట. కమలా నెహ్రూ అంతటి ఆవిడ కూడా ముందు భువాలీ కొండల్లో, ఆ తర్వాత యూరపులో ఈ గాలి కోసమే తిరిగి 1936లో లొసాన్‌లో కన్నుమూసింది.

జేజి మాత్రం బతికింది. రెండేళ్ళు ఆ వరండాలో పడుకుని ఆకాశం, చెట్లు, దూరాన కొండలు చూస్తూ బతికింది. ఆ కొండల్లో ఒకదానిమీద దొరల బంగళా వుందనీ, అక్కడి గాలి ఇంకా చల్లగా వుంటుందనీ, అక్కడ మల్లమ్మ అనే తల్లి రోగాలు మాన్పేదనీ పక్కమంచం ఆవిడ చెప్పేదట. మనిద్దరికీ నయమైతే ఒకసారి ఎక్కి వద్దాం అనుకున్నారట ఇద్దరూ. పక్కమంచం ఆవిడకి నయం కాలేదు.

1948లో జేజిని ఇంటికి పంపేటప్పుడు భర్త వచ్చాడు. “ఆ కొండ ఒకసారి చూసి పోదామా?” అని అడిగింది. “ఇంకోసారి పోదాం లే” అన్నాడాయన. చెడ్డమనిషి కాడు. రెండేళ్ళు ఇంకో పెళ్ళి చేసుకోకుండా కాచుకున్నాడు, ఆ రోజుల్లో అది చిన్నమాట కాదు. ఆ ఇంకోసారి మాత్రం రాలేదు. ఇంటికి రాగానే అత్తగారు విడి కంచం, విడి గ్లాసు చూపించింది. పిల్లాడు మూడేళ్ళవాడు, ఈవిడెవరో తెలియక ఏడ్చాడు.

“చచ్చిపోయే ముందు, మనం ఫైనలియర్‌లో వున్నప్పుడు చెప్పింది నాకు” అంది నేస్తం. “మా నాయనకి కూడా తెలీదు అంతవరకూ, అమ్మ తనని ఎందుకు ఎత్తుకోలేదో.”

కాసేపు ఇద్దరం మాట్లాడలేదు. నాకు చదివిన సంగతులు కొన్ని గుర్తొచ్చి, చెప్పాలా వద్దా అనుకుంటూ చెప్పాను. 1956లో మద్రాసులో ఒక పరిశోధన మొదలుపెట్టారు. క్షయరోగులని రెండు జట్లు చేసి, కొందరిని శానిటోరియంలో, కొందరిని వాళ్ళ ఇరుకిళ్ళలోనే వుంచి మందులిచ్చారు. 1959లో ఫలితం చెప్పారు. మందు సరిగ్గా వాడితే ఇంట్లో వున్నవాళ్ళకీ అక్కడివాళ్ళతో సమానంగా నయమైంది. ఇంట్లో మిగతావాళ్ళకి అందువల్ల ఎక్కువగా అంటనూ లేదు. నయం చేస్తున్నది కొండగాలి కాదు, మందు! ఆ తర్వాత ప్రపంచమంతటా శానిటోరియాల అవసరం తగ్గిపోయింది. ఇంకో సంగతి. క్షయ అంటేది దగ్గినప్పుడు గాలిలోంచే. కంచాలవల్లా గ్లాసులవల్లా కాదు.

“అయితే ఆ గ్లాసు...” అంది నేస్తం.

“ఆ గ్లాసు ఏ పాపమూ ఎరగదు” అన్నాను.

ఆవిడ స్టీరింగు మీద తల ఆన్చింది. నేను ఇటు తిరిగి చెట్లు చూస్తూ కూర్చున్నాను. ఏమాటకామాటే చెప్పుకోవాలి, ఆరోగ్యవరం గాలి మందు కాకపోవచ్చు. కానీ మందు లేని రోజుల్లో ఆడమనిషిని ‘రెండేళ్ళు ఏ పనీ చేయకు, పాలు తాగు, పడుకో’ అన్న చోటు ఈ దేశంలో ఎన్ని వున్నాయి? ఇంట్లో వుంటే దగ్గుతూనే పొయ్యి వూదుతూ వుండేది. బి.సి.జి. టీకా కూడా మన దేశంలో మొదట వేసిన చోట్లలో మదనపల్లె ఒకటి. జేజి ఇంటికెళ్ళిన 1948లోనే. మన పిల్లల భుజాలమీది ఆ చిన్న మచ్చ చూసినప్పుడల్లా ఈ ఊరిని తలుచుకోవచ్చు.

మళ్ళీ బయల్దేరి, అంగళ్ళు దాటి కొండ దారి పట్టాం. మలుపు మలుపుకీ గాలి మారుతూ వచ్చింది. కారు కిటికీలు దించేశాం. ముందు వెదురు పొదలు, పైన నీలగిరి చెట్లు. నీలగిరి అని మనం పిలుస్తాం గాని ఆ చెట్టు పుట్టిల్లు ఆస్ట్రేలియా. ఇంగ్లీషువాళ్ళు 1843లో నీలగిరి కొండల్లో నాటితే ఆ పేరు వచ్చింది. పుట్టింటి పేరు పోయి అత్తింటి పేరు నిలవడం చెట్లక్కూడా వుందన్నమాట!

పైకి చేరాక ముందు మల్లమ్మ గుడికి వెళ్ళాం. కథ ఇదీ: పూర్వం ఈ కొండమీద మల్లమ్మ అనే ఆవిడ ఒంటరిగా వుండేది. ఏనుగులు ఆవిడకి తిండి తెచ్చిపెట్టేవి. కొండమీది మనుషులకి జబ్బుచేస్తే ఆవిడ దగ్గరికే వచ్చేవారు, మాన్పి పంపేది. ఒకరోజు ఎటుపోయిందో కనిపించకుండా పోయింది. అప్పుడు జనం ఆవిడ మనిషి కాదు, తల్లి అనుకుని పూజించడం మొదలుపెట్టారు.

హార్స్‌లీకి వుద్యోగం వుంది, ఇల్లుంది, కాగితాలున్నాయి. మల్లమ్మకి ఏ తారీఖూ లేదు, కథ ఒక్కటే వుంది. ఒకరు రోగానికి భయపడి కొండ ఎక్కితే, ఒకరు కొండమీద కూర్చుని రోగాలు పోగొట్టారు. రోడ్డు పక్కన బోర్డుమీద మాత్రం దొరగారి పేరే. నాకు దొరమీద కోపమేమీ లేదు. ఆయన వల్లే దారి తెలిసింది, చెట్లు పెరిగాయి. ఇప్పుడు పర్యాటకశాఖ కాటేజీలో అద్దెకి దిగి, ఆ ఏడు డిగ్రీల చల్లదనం మనబోటివాళ్ళమూ అనుభవిస్తున్నాం. దొరకి దొరికిన గాలి జేజికి దొరక్కపోవడమే నా బాధ. ముప్ఫై కిలోమీటర్లు కూడా లేదు. రెండేళ్ళు చూస్తూ పడుకుంది.

సాయంత్రం గాలిబండ దగ్గరికి వెళ్ళాం. పేరుకి తగ్గ చోటు. పెద్ద బండరాయి, దానిమీద నిలబడితే చీరలు నిలవనంత గాలి. కింద చెరువులు అద్దపు ముక్కల్లా, పొలాలు అతుకుల బొంతలా. నేస్తం ఆ జరీ పంచెముక్క మూట విప్పింది. మీరు ఈపాటికే కనిపెట్టి వుంటారు. కంచు గ్లాసు. లోపలంతా తళతళలాడుతోంది, అడుగున చిన్న సొట్ట.

“దీన్ని తెచ్చి ఏం చేద్దామనుకున్నావే?” అన్నాను.

“ఇక్కడ ఎక్కడన్నా పెట్టేసి పోదామనుకున్న్యా. ఆమె రాలేదు గదా, ఆమె గ్లాసన్నా వుండనీ అని” అంది. “ఇప్పుడు వద్దనిపిస్తాంది.”

ఫ్లాస్కు తీసి, మిగిలిన కాఫీ ఆ గ్లాసులో పోసింది. ఎత్తిపోసుకోకుండా, మామూలుగా అంచుకి పెదవి ఆనించి సగం తాగింది. తాగి, అలాగే నా చేతికిచ్చింది.

మా ఇంట్లో ఎంగిలి పట్టింపు ఎక్కువే. మా అమ్మ చూస్తే ఏమంటుందో అన్న ఆలోచన ఒక్కక్షణం వచ్చిన మాట నిజం. మిగతా సగం నేను తాగాను. పొద్దుటి కాఫీ, చల్లారిపోయింది, చక్కెర ఎక్కువైంది. అంత బాగున్న కాఫీ ఈమధ్య తాగలేదు.

గ్లాసు మళ్ళీ తిరుపతికే తెచ్చాం. ఇప్పుడది నేస్తం వంటింట్లో మిగతా గ్లాసుల మధ్యే వుంటుంది. మొన్న ఫోను చేస్తే చెప్పింది, వాళ్ళ చిన్నమనవడు పాలు ఆ గ్లాసులోనే పోయమని ఏడుస్తాడట.